చిల్లర

మొగిలి కిరాణంల రూపాయి బిళ్ళ ఎప్పుడూ ఉండదు.
"చాక్లెట్ తీస్కో చెల్లె" అంటడు
డబ్బ మూత తిప్పుకుంటనే.
ఉప్పుకొకటి, అగ్గిపెట్టెకొకటి,
సబ్బు కొంటె రెండు.
నేను తినలే. హార్లిక్స్ సీసల ఏసిన.
ఏడాది తిరిగేసరికి సీస మెడదాంక నిండింది.

ఓనాడు ఎత్కపోయి కౌంటర్ మీద బోర్లించిన:
"నూటపదకొండు. లెక్కవెట్టుకో.
అద్దకిలో కందిపప్పియ్యి."
మొగిలి నవ్విండు.
"గవి ఇచ్చేటియే గని
తీస్కునేటియి కావు."
ఎండకు మెత్తవడి
కాయితానికి అతుక్కున్న నా పైసలు.

సముద్రాల అవతల ఒకప్పుడు
ఆ గింజే పైసనట.
పది గింజలిస్తె ఒక కుందేలు.
దొంగలు పొట్టు ఒలిచి, లోపల మన్ను నింపి
మళ్ళ అతికి అంగట్ల మార్చేటోళ్ళట.
ఇది చెప్తె యాదలక్ష్మి చిన్నమ్మ పడిపడి నవ్వింది:
"మన్ను కలుపుడు మన ఎనుమాములకే తెల్సనుకున్న!"

ముప్పయ్యేండ్లు ఆ యార్డుల
మిర్చి తొడిమెలు తీసిన చెయ్యి ఆమెది.
చెమట కారినా
కండ్లు తుడుసుకునే హక్కు లేని చెయ్యి.
ఇప్పుడు లేబర్ కాలనీల ఇడ్లీ పిండి అమ్ముతది.

అశ్వారావుపేట దిక్కు, పామాయిలు తోటల నడుమ
కోకో కాయలు కాస్తున్నయని
లారీ తోలే కొడుకు నరహరి
సంచెడు గింజలు తెచ్చి గడపల పడేసిండు.
అరటాకుల కింద ఆర్రోజులు పులిసినయి,
మూతి విప్పితె కల్లుకుండ వాసన.

పెంక మీద ఏయించింది, పల్లికాయ లెక్క చిటపటమన్నయి.
చేటల చెరిగింది.
గ్రైండర్ల పోసి బటన్ నొక్కింది.
పొడి. ముద్ద. ఆ తర్వాత
చుక్క నీళ్ళు పొయ్యకుంటనే
నల్లగ జారుడువట్టింది.
"గింజల్నే ఉన్నది బిడ్డా నూనె, నువ్వులల్ల ఉన్నట్టు."

రెండు రాత్రులు తిరిగింది రాయి.
నడిజాము కరెంటు పోతె
గట్టివడకుండ గొంగడి కప్పి
బాలింత పక్కన పెట్టినట్టు కుంపటి పెట్టి
తెల్లారేదాంక కూసున్నది.
వాడకట్టంత వాసన.
బెల్లం మాడిందన్నరొకరు, కాఫీ అన్నరొకరు.
ఓదేలు తాత మంచంల లేశి కూసున్నడు:
"మిల్లు మళ్ళ తెరిసిండ్రారా?"

చక్కెర కరిగినంక కొంగుముడి ఇప్పింది.
ఎండిన చపాట మిర్చి రెండు,
గింజలు దులిపి, నలిపి, చిటికెడు.
నేను ఆగలేక చెప్పిన:
చిన్నమ్మా, మిరప గూడ ఆ దిక్కుదేనట,
చక్కెర లేకుంట, ఈ గింజల మిరప నూరి
నురుగు తేల్చి తాగేటోళ్ళట,
ఎన్కట ఓడలెక్కి ఒకటిటు ఒకటటు పోయినయట,
ఇయ్యాల నీ గ్రైండర్ల…

ఆమె ఇనలే.
ఏలుతోని తీసి నాలిక మీద ఏస్కున్నది.
చేదు. తీపి.
ఆఖరికి, గొంతుల, యార్డు.
కండ్లల్ల నీళ్ళు తిరిగితె
ఆ చేత్తోనే తుడుసుకున్నది.
"ఇన్నేండ్లు కండ్లల్లకే పోయింది ఈ కారం.
నోట్లెకు ఇప్పుడొచ్చింది."

పన్నెండు బిళ్ళలు నూనె కాయితంల చుట్టి
మొగిలి దుకాణంల పెట్టినం.
ఒక ముక్క చప్పరించి
మొఖం మూడు తీర్ల తిప్పిండు.
"చేదున్నదే! …ఇంకోటియ్యి."
నోట్లు లెక్కవెట్టి ఇచ్చిండు, రెండు రూపాయలు తక్కువ.
అలవాటున చెయ్యి డబ్బ మూత మీదికి పోయి
నా మొఖం జూసి
ఆడనే ఆగింది.

ఆ తెల్లారి ఇడ్లీలు
చెరువు మట్టి రంగుల పొంగినయి.
చిన్నమ్మ రాయిని ఎంత కడిగినా పోలేదు.
కాలనీల ఎవ్వరూ ఏమనలే.
పిల్లలు మాత్రం
చట్నీ అడగకుంటనే తిన్నరు.